మడత సైకిల్ కొనే ముందు ఒకసారి ఖాళీ సిలిండర్ ఎత్తి చూడండి

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు వారానికి నాలుగు రోజులు వెళ్లొస్తాను. పొద్దున బస్టాండు దాకా ఆటో, ఎల్బీ నగర్‌లో దిగాక ఆఫీసుకు ఇంకో ఆటో, సాయంత్రం మళ్లీ అవే రెండు. బస్సు చార్జీ పక్కన పెట్టినా ఆటోలకే రోజుకు 160 రూపాయలు పోయేవి, నెలకు పదహారు రోజులు లెక్కేస్తే 2,560. పట్టుమని పది నిమిషాలు పట్టని దూరాలకు ఇంత పెట్టడం మనసొప్పక మడత సైకిల్ వైపు చూశాను. ఇప్పటికి రెండు కొన్నాను, మొదటిదాంతో నష్టపోయాను, రెండోదాంతో మూడేళ్లుగా హాయిగా ఉన్నాను. మా బావది పాలమూరు, రైల్లో కాచిగూడ పోయి వస్తాడు, ఆయన కూడా ఒకటి కొని చివరికి వేరే దారి పట్టాడు. మా చెల్లె టీచరు, ఆమెకైతే అసలు కొనొద్దనే చెప్పాను. మా ముగ్గురి సంగతీ చెబితే మీరు ఏ వరసలోకి వస్తారో మీకే తెలుస్తుంది.

మడత సైకిల్ అనగానే అందరూ తొక్కడం గురించే అడుగుతారు, ఎన్ని గేర్లు, ఎంత స్పీడు, షాక్ అబ్జార్బర్ ఉందా అని. నేను మాత్రం ఎత్తడం గురించి ముందు ఆలోచించమంటాను. ఎందుకంటే తొక్కేది మూడు నాలుగు కిలోమీటర్లే, కానీ మడిచాక దాన్ని బస్సు డిక్కీలోకి ఎత్తాలి, రైల్వే బ్రిడ్జి మెట్లు ఎక్కించాలి, ఆఫీసులో లిఫ్టు పనిచేయని రోజు మూడో అంతస్తుకు మోయాలి, అదీ రోజూ. ఇంట్లో గ్యాస్ సిలిండర్ అయిపోయినప్పుడు దాని మీద రాసి ఉన్న ఖాళీ బరువు చూడండి, 15 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మన బడ్జెట్‌లో దొరికే 20 అంగుళాల మడత సైకిల్ కూడా దాదాపు అంతే. ఆ ఖాళీ సిలిండర్‌ను ఒక చేత్తో, టిఫిన్ బ్యాగును ఇంకో చేత్తో పట్టుకుని రెండంతస్తులు ఎక్కి దిగండి. చేయగలిగితే, రేపు కూడా చేస్తానని అనిపిస్తే, ముందుకు పోవచ్చు. చెయ్యి లాగేసి మధ్యలో దించారంటే ఇంకా తేలికది చూసుకోవాలి, లేదా ఈ ఆలోచనే మానుకోవాలి. ఇది కొనే ముందు పైసా ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్ష.

చక్రం సైజు దగ్గరే సగం నిర్ణయం అయిపోతుంది

మార్కెట్లో ప్రధానంగా మూడు సైజులు కనిపిస్తాయి, 26, 20, 16 అంగుళాలు. నేను మొదట కొన్నది 26. ఆన్‌లైన్‌లో 11 వేలకు, ముందు షాకు, మధ్యలో ఇంకో షాకు, రెండు డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. ఇంత తక్కువకు ఇన్ని వస్తుంటే గేర్లు కూడా లేని చిన్న సైకిల్‌కు అంతకన్నా ఎక్కువ పెట్టడం దేనికని అనుకున్నాను. డబ్బా విప్పి బిగించుకున్నాక మా వీధి చివర వడ్ల కాంటా మీద పెడితే 18 కిలోల 400 గ్రాములు చూపించింది. సరే, మడత పడుతుంది కదా అనుకుంటే, ఆ మడత పేరుకే. ఫ్రేము మధ్యలో విరిచి రెండు పెద్ద చక్రాలను పక్కపక్కన నిలబెట్టడం తప్ప ఎత్తు తగ్గేది లేదు, హ్యాండిల్ కిందికి దిగదు. సూపర్ లగ్జరీ డిక్కీలో పడుకోబెడితే తప్ప పట్టలేదు, అక్కడ అప్పటికే రెండు సూట్‌కేసులుంటే అదీ లేదు. పండగ ముందు రోజు ఒకసారి డ్రైవరు చూసి "అన్నా, దీనికి జాగ లేదు, ఎనక బస్సుకు రా" అన్నాడు, ఆ వెనక బస్సులోనూ అదే మాట.

అది కూడా భరించేవాణ్ణేమో. ఐదో నెలలో ఒక ఆదివారం పానగల్ చెరువు కట్ట మీద పోతుంటే, లేచి నిలబడి తొక్కినప్పుడల్లా కాళ్ల మధ్య నుంచి టక్ టక్‌మని చప్పుడు. దిగి, తడి గుడ్డతో దుమ్ము తుడిచి చూస్తే మడత కీలు పక్కన వెల్డింగ్ అంచు వెంట వెంట్రుకంత గీత. గోటితో అడ్డంగా గీస్తే గోరు ఆ గీతలో ఆగింది. నాకు ఒళ్లు చల్లబడింది, ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే దాని మీద హైదరాబాద్ రోడ్డులో లారీల పక్కన పోయాను. వెల్డింగ్ షాపులో చూపిస్తే ఆయన "అతుకు ఏస్త గని, దీని మీద ఎక్కొద్దన్నా" అన్నాడు. అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను, మడత భాగానికి వారంటీ వర్తించదని రెండు లైన్ల జవాబు వచ్చింది. అలాంటప్పుడు మడత సైకిల్ అని ఎందుకమ్మినట్టు? ఇప్పటికీ ఆ కోపం పోలేదు. అందుకే అడిగినవాళ్లందరికీ చెబుతాను, 26 అంగుళాల మడత సైకిల్ వద్దు. అంత పెద్ద చక్రం కావాలంటే మడత లేని మామూలు సైకిల్ కొనండి, అదే డబ్బుకు గట్టిది, తేలికది వస్తుంది.

16 అంగుళాలది ఇంకో కొస. దీంట్లో పేరు మోసింది ఇంగ్లండ్ వాళ్ల బ్రాంప్టన్, ఆండ్రూ రిచీ అనే ఆయన 1970లలో లండన్‌లో తన ఫ్లాట్‌లో తయారుచేసిన డిజైను, కిటికీలోంచి కనిపించే చర్చి పేరే దానికి పెట్టుకున్నాడు. మూడు మడతలు పడి 64.5 సెంటీమీటర్ల పొడవు, 58.5 ఎత్తు, 27 మందంలోకి వచ్చేస్తుంది. మామూలు మోడళ్లు 11, 12 కిలోల ప్రాంతంలో ఉంటాయి. మడత విషయంలో దాన్ని మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ధర లక్ష దాటుతుంది, ఇది చవక సైకిళ్ల గురించి కాబట్టి అక్కడే ఆగుదాం. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాని రిమ్ము కొలత 349 మిల్లీమీటర్లు, మన దగ్గర చిన్నపిల్లల 16 అంగుళాల సైకిళ్లకు వచ్చేది 305. రెండింటి మీదా 16 అనే రాసి ఉంటుంది కానీ ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో టైరు చిరిగితే ఇంక అంతే. ఇక మామూలు చవక 16 అంగుళాలవి ఉంటాయి, పొట్టివాళ్లకు, ఒకటి రెండు కిలోమీటర్లకు పర్వాలేదు, మన గుంతల రోడ్ల మీద అంతకు మించి తొక్కితే నడుము పట్టేస్తుంది.

మిగిలింది 20. నా రెండోది ఇదే, స్టీలు ఫ్రేము, ఆరు గేర్లు, షాకులు లేవు, 14 కిలోలకు కొంచెం పైన. ఇది అన్నిటికంటే గొప్పదని కాదు, మన ఊళ్లలో బతకగలిగేది ఇదే అని. 20 అంగుళాల్లోనూ రెండు రిమ్ములున్నాయి, 406, 451. టైరు పక్కన చిన్న అక్షరాల్లో చదవండి, 20 x 1.75 అనో 47-406 అనో ఉంటే 406. అది పిల్లల సైకిళ్లకు వచ్చే సైజే, కాబట్టి మండల కేంద్రంలో ఏ సైకిల్ షాపుకెళ్లినా ట్యూబు దొరుకుతుంది. 451 సన్నటి టైరు, స్పీడు కోసం చేసింది, మన దగ్గర దొరకదు, దాని జోలికి పోవద్దు.

ట్యూబు మాట వచ్చింది కాబట్టి వాల్వు సంగతి కూడా. మోటర్ సైకిల్‌కు ఉండేలాంటి లావు వాల్వు ఉన్న ట్యూబే వేయించుకోండి. పెట్రోల్ బంకులో, బైకు పంక్చర్ షాపులో, ఎక్కడైనా గాలి కొట్టించుకోవచ్చు. పాత సైకిళ్లకు ఉండే రబ్బరు గొట్టం వాల్వుకు ఆ మిషను పట్టదు, విదేశీ సైకిళ్లకు వచ్చే సన్నటి వాల్వుకైతే ప్రత్యేకంగా ఒక చిన్న అడాప్టర్ జేబులో పెట్టుకు తిరగాలి. చిన్న చక్రానికి గాలి తక్కువైతే వెంటనే బరువు తెలుస్తుంది, గుంతలో పడితే రిమ్ము సొట్టపోతుంది, కాబట్టి వారానికొకసారి చూసుకోవాలి. టైరు మీద ఎంత రాసి ఉందో అంతలోపు కొట్టించండి, బంకు కుర్రాడు బైకు అలవాటులో 30 దగ్గర ఆపేస్తాడు, టైరు మీద అంత రాసి ఉంటే 45 కొట్టమని చెప్పాలి.

మన దగ్గర పంక్చర్లకు పెద్ద కారణం మేకులు కాదు, పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. వానాకాలం పోయాక చెరువు కట్టల మీద, ఊరి దారుల్లో పల్లేరు ఎండి ఉంటుంది, ఒక్క కాయ గుచ్చుకుంటే నిదానంగా గాలి పోతుంది, పొద్దున లేచేసరికి టైరు నేలకు అంటుకుని ఉంటుంది. సన్నటి టైరు కంటే 1.75 లేదా 1.95 లావుది నయం. షాకులు లేని లోటు కూడా ఆ లావు టైరే కొంత తీరుస్తుంది, అదనపు బరువు లేకుండా. ఇంకో జాగ్రత్త, కోతల టైములో, వానాకాలం పంటకైనా యాసంగికైనా, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. పెద్ద చక్రం వాటి మీద ఎలాగో దాటేస్తుంది, చిన్న చక్రం మాత్రం ఇసుకలో జారినట్టు జారుతుంది. దిగి నడిపించుకుపోండి, రైతు వడ్లూ పాడవవు, మీ మోచేతులూ బాగుంటాయి.

చిన్న చక్రమైతే ఎక్కువ తొక్కాలా

ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. చక్రం ఒక్కటే కాదు, ముందు పళ్ల చక్రానికి వెనక పళ్ల చక్రానికి ఉన్న లెక్క ముఖ్యం. మా ఇంట్లో నాన్నగారి పాత 28 అంగుళాల సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18, ఒక చుట్టు తొక్కితే సుమారు 5.4 మీటర్లు పోతుంది. నా 20 అంగుళాలదానికి ముందు 52, వెనక చిన్న గేరు 14, ఒక చుట్టుకు దాదాపు 5.7 మీటర్లు. అంటే నాన్నగారి సైకిల్ కంటే చిన్న సైకిలే కొంచెం ఎక్కువ పోతోంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్ల వేగం, బజారు పనికి, స్టేషన్‌కు అంతకంటే ఏం కావాలి. కాబట్టి షాపులో నిలబడి పళ్లు లెక్కపెట్టండి. ముందు 40 కంటే తక్కువ పళ్లు ఉండి వెనక 16, 18 ఉంటే మాత్రం కాళ్లు గిరగిరా తిరుగుతాయి, బండి కదలదు, చవకవాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి.

గేర్లు ఎన్ని కావాలంటే, నల్లగొండ, పాలమూరు టౌన్లలో తిరగడానికి ఒక్క గేరు ఉన్నా సరిపోతుంది, చెడిపోయేది తక్కువ, బరువూ తక్కువ. రామగిరి వైపు ఎక్కుడు, ఫ్లైఓవర్లు, ఎదురుగాలి ఉన్నచోట ఆరు గేర్లు హాయి. ముందు మూడు, వెనక ఏడు కలిపి 21 గేర్లు మడత సైకిల్‌కు అనవసరం. మడిచేటప్పుడు ఆ ముందు గేరు వైరే ముందు నలుగుతుంది. డిస్క్ బ్రేకులూ అంతే, డిక్కీలో ఇంకో సామాను తగిలి ఆ పళ్లెం రవ్వంత వంగిందంటే ఇక ప్రతి చుట్టుకూ ష్ ష్ అని రాసుకుంటుంది. రిమ్మును రెండు వైపులా పట్టే మామూలు వి బ్రేకులు చాలు, రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఎవరైనా వేస్తారు.

బస్సా, రైలా

మీ ప్రయాణం బస్సయితే, ఏ బస్సు అనేది సైకిల్ కంటే ముందు తేల్చుకోండి. డిక్కీ ఉన్న సూపర్ లగ్జరీ, రాజధాని లాంటివైతే 20 అంగుళాలది పెట్టుకోవచ్చు, గేర్లు ఉన్న వైపు పైకి వచ్చేలా పెట్టండి, కింద పడుకోబెడితే గేరు చెవి, అంటే వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, వంగుతుంది. కండక్టర్ లగేజీ టికెట్ కొడితే కట్టేయండి, వాదించి మంచి సంబంధం పాడుచేసుకోవద్దు, రోజూ చూసే మొహాలే కదా. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక కాలు పెట్టే చోటు ఉండటం లేదు, ఆ బస్సుల్లో సైకిల్ ఎక్కించాలని అనుకోవద్దు, పక్కవాళ్ల కాళ్లకు చైన్ ఆయిల్ అంటి గొడవలవుతాయి. మా చెల్లె సంగతి ఇదే. స్టేజీలో బస్సు దిగి బడికి మూడు కిలోమీటర్లు పోవాలి, ఎక్కేది ఎక్స్‌ప్రెస్సే. ఆమెకు సెకండ్ హ్యాండ్ లేడీస్ సైకిల్ ఒకటి కొనిచ్చి, స్టేజీ దగ్గర కిరాణం దుకాణం వెనక పెట్టుకునేలా ఆ దుకాణం ఆమెతో మాట్లాడి వచ్చాను. తాళం వేసి పెడుతుంది, సాయంత్రం తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఏదో ఒకటి కొంటుంది, ఇద్దరికీ బాగుంది. రోజూ ఒకే చోట దిగి ఒకే చోటికి పోయేవాళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం లేదు, మోసే పనే లేదు.

రైలు వేరే లెక్క. రైల్వే నిబంధన ప్రకారం రైలు పెట్టెలో మనతో తీసుకెళ్లే ట్రంకు, సూట్‌కేసు లాంటివి 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 మందం దాటకూడదు. ఏసీ త్రీటైరు, చైర్ కారులో అయితే 55, 45, 22.5 మాత్రమే. బరువు సమస్య కాదు, సెకండ్ క్లాసులో 35 కిలోలు, స్లీపర్‌లో 40 కిలోలు ఉచితం. 20 అంగుళాల మడత సైకిల్ మడిచాక సుమారు 80 పొడవు, 65 ఎత్తు, 35 నుంచి 40 మందం ఉంటుంది, అంటే అక్షరాలా చూస్తే ఎత్తు, మందం రెండు చోట్లా కొలత దాటుతుంది. లక్ష రూపాయల బ్రాంప్టన్ కూడా మందంలో రెండు సెంటీమీటర్లు ఎక్కువే. అందుకే సంచి తప్పనిసరి. విప్పి కనిపిస్తే అది సైకిల్, సైకిల్ అంటే బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైలుకు ఉండే సామాను పెట్టెలో బుక్ చేయమంటారు. సంచిలో ఉండి, దారికి అడ్డం లేకుండా ఉంటే లగేజీలాగా చూస్తారు. నేను ప్రకాశం బజార్ దగ్గర రెగ్జిన్ తెచ్చి టైలరుతో సంచి కుట్టించాను, అడుగున రెండు పొరలు, పైన జిప్పు బదులు తాడు, ఎందుకంటే జిప్పు ప్యాడిల్‌కు తగిలి నెలలో పోతుంది.

మా బావ పాలమూరు స్టేషన్‌లో పొద్దుటి రైలు ఎక్కేవాడు. జడ్చర్ల దాకా బాగానే ఉండేది, షాద్‌నగర్ వచ్చేసరికి జనరల్ పెట్టెలో మనిషి మీద మనిషి. తలుపు పక్కన పెడితే దిగేవాళ్లకు అడ్డం, పైన రాక్ మీదకు ఎత్తలేం. కాచిగూడలో దిగాక ఆ సంచి భుజాన వేసుకుని బ్రిడ్జి ఎక్కి దిగేసరికి చొక్కా తడిసిపోయేది. రెండు నెలలు చేసి, ఆ సైకిల్‌ను ఇంటి నుంచి స్టేషన్ దాకా మాత్రమే వాడుకుని స్టాండులో పెడుతున్నాడు, హైదరాబాద్ వైపుకు ఒక పాత సైకిల్ కొని అక్కడి స్టాండులో ఉంచాడు. అయినా ఆయన మడత సైకిల్ అమ్మలేదు. శనాదివారాల్లో రద్దీ లేని రైల్లో గద్వాల పోయి కోట దాకా తొక్కుకుంటూ పోయి వస్తాడు, అప్పుడు దానికి తిరుగులేదంటాడు. నిజమే, అప్పుడప్పుడు ఊళ్లు తిరగడానికి, కారు డిక్కీలో వేసుకుని నాగార్జునసాగర్ పోవడానికి ఈ సైకిల్ ఇచ్చే సంతోషం వేరు. రోజూ కిటకిటలాడే రైలుకు మాత్రం 14 కిలోలది కష్టం.

ఎల్బీ నగర్ నుంచి మెట్రోలో ముందుకు పోదామనుకునేవాళ్లు ఒక పని చేయండి. సంచి స్కానర్‌లోంచి పోవాలి, అక్కడి సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోవాలి. కొనకముందే మడిచిన కొలతలు ఒక కాగితం మీద రాసుకెళ్లి మీరు ఎక్కే స్టేషన్‌లో అడగండి, కొన్నాక గేటు దగ్గర నిలబడి బతిమాలుకోవడం ఎందుకు.

కరెంటు మడత సైకిళ్ల గురించి చాలామంది అడుగుతున్నారు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఎండాకాలం మధ్యాహ్నం తొక్కాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది. కానీ 20 కిలోలు దాటుతాయి, మళ్లీ సిలిండర్ లెక్క దగ్గరికే వస్తాం. విమానంలో తీసుకుపోదామన్నా వీలుకాదు, 36 వోల్టుల 7.8 యాంపియర్ అవర్ బ్యాటరీ 280 వాట్ అవర్లు అవుతుంది, విమానాల్లో ప్రత్యేక అనుమతితో కూడా 160 దాటనివ్వరు. ఎత్తే పని లేకుండా, ఇంట్లో జాగ తక్కువై మడిచి పెట్టుకునేవాళ్లకు మాత్రం మంచిదే.

షాపులో ఏం చూడాలి

ఎక్కడ కొన్నా చేత్తో పట్టుకుని చూసి కొనండి. డెకాథ్లాన్ లాంటి చోట 20 అంగుళాలవి పెట్టినప్పుడు అక్కడే తొక్కి చూడనిస్తారు, మడిచి చూడనిస్తారు, అది పెద్ద లాభం. అమ్మే కుర్రాడిని మడవమనొద్దు, వాళ్లకు అలవాటు కాబట్టి పది సెకన్లలో చేసేస్తారు. మీరే మూడుసార్లు విప్పి మడవండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపండి, ఇంకో చెయ్యి మడత కీలు మీద వేసి ఉంచండి, వేలి కింద రవ్వంత కదిలినా వద్దు. తర్వాత హ్యాండిల్ మొదట్లో ఉన్న కీలు మీద కూడా అలాగే. ఆ లాక్‌కు రెండో అడ్డు ఉండాలి, అంటే లివర్ పొరపాటున తెరుచుకున్నా సైకిల్ విడిపోకుండా ఆపే చిన్న మీట, అది లేనిది ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

మడిచాక రెండు సగాలు అంటుకుని ఉండటానికి చక్రాల మధ్య అయస్కాంతం ఉందో లేదో చూడండి. లేకపోతే ఎత్తగానే నోరు తెరుస్తుంది, ప్యాడిల్ వచ్చి మోకాలి కింద ఎముకకు తగులుతుంది. నాదానికి లేదు, పాత ట్యూబును చక్రంలా కోసి రబ్బరు పట్టీ చేసుకున్నాను, హ్యాండిల్‌కు వేలాడుతూ ఉంటుంది. సీటు రాడ్డు పూర్తిగా లేపి కూర్చోండి, కాలు దాదాపు చాచినట్టు రావాలి, అయినా రాడ్డు మీద గీసిన హద్దు గీత బయటికి కనిపించకూడదు. ఆరడుగుల మనుషులకు చాలా చవక సైకిళ్లు ఇక్కడే తప్పిపోతాయి. బరువు హద్దు కూడా అడగండి, ఎక్కువ వాటికి మనిషీ సామానూ కలిపి 100 నుంచి 110 కిలోలే.

విడిభాగాల గురించి ఒకటి. డాహాన్, టెర్న్ లాంటి మంచి పేరున్నవి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి, తేలికగా ఉంటాయి, మడత నమ్మకంగా ఉంటుంది. అయితే వాటిలో చాలావాటికి ముందు చక్రం హబ్బు, అంటే ఇరుసు ఉండే నడిమి భాగం, వెడల్పు 74 మిల్లీమీటర్లే, మన దగ్గర దొరికేది 100. సీటు రాడ్డు 33.9 మిల్లీమీటర్ల లావు, అది మన సైకిల్ షాపుల్లో ఉండదు. మెకానిక్‌కు చూపిస్తే పానా పట్టుకుని చుట్టూ తిరిగి చూస్తాడు తప్ప చేసేదేం ఉండదు. హైదరాబాద్ నుంచి తెప్పించుకునే ఓపిక ఉంటే తీసుకోండి, లేకుంటే మామూలు కొలతల సైకిలే నయం.

డబ్బు దగ్గరికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత స్టిక్కరు ధర చెబితే అడగండి. పది వేల లోపు కొత్త మడత సైకిల్ ఎవరు చూపించినా నేను నమ్మను, ఆ ధరకు కీలు గట్టిగా చేయడం కుదరదు. 15 నుంచి 20 వేలు పెట్టగలిగితే 20 అంగుళాలు, 406 రిమ్ము, షాకులు లేనిది, వి బ్రేకులు, ఒకటి లేదా ఆరు గేర్లు, ఇదే నా సలహా. పది వేలే ఉంటే మూడు నాలుగు వేలకు ఒకటి చొప్పున రెండు పాత సైకిళ్లు కొని రెండు కొసల్లో పెట్టుకోండి, మిగిలిన డబ్బుతో మంచి తాళాలు.

కొన్న కొత్తలో మొదటి రెండు వారాలు కీలు సర్దుకుంటుంది, కాస్త వదులవుతుంది, అది మామూలే, కానీ చూసుకోవాలి. నేను ఆదివారం పొద్దున బయల్దేరే ముందు లాక్ లివర్‌ను బొటనవేలితో మూస్తాను. మూసేటప్పుడు అరచేయి కూడా నొక్కాల్సి వస్తే సరిగ్గా ఉన్నట్టు. వేలికే తేలిగ్గా పడిపోతే లోపలి నట్టును పావు చుట్టు బిగించి, మళ్లీ మూసి చూసి, అప్పుడు ఎక్కుతాను.